గోరింక అడిగిన మాట

పచ్చికలో కొంగలు ఒంటికాలి మీద హుందాగా నిలబడి ఉన్నాయి. గోరింక వెళ్ళి పక్కన నిలబడింది.

"ఇక్కడ నీకు తెలిసినవాళ్ళెవరు?" అంది పెద్ద కొంగ.

"ఎవరూ లేరండీ."

"అయితే గట్టు అవతలికి నడు."

పైన బాతులు బారులు తీరి పోతున్నాయి. "రావే, మా వెనకైతే ఎదురుగాలి తగలదు!" అని పిలిచాయి. గోరింక సంబరంగా వెళ్ళి చేరింది.

"ఆ కొంగల్లా మాకు గొప్పలు లేవు" అన్నాయి బాతులు. కాసేపటికి, "ఏం రెక్కలే అవి! వాటితో కూడా ఎగురుతారా?" అని పకపకా నవ్వాయి.

ఎవరు మంచివాళ్ళో తేలక గోరింక కిందికి దిగి, గేదె వీపు మీద కూర్చుంది. గేదె రమ్మనలేదు, పొమ్మనలేదు.

ఇంతలో ఒక పిచ్చుక వచ్చి పక్కన వాలింది.

"ఇక్కడ నీకు తెలిసినవాళ్ళెవరు?" అంది గోరింక.

అనేసి, ఆ మాట అన్నదెవరా అని చుట్టూ చూసింది.