మూడు పొంగుల పాలు

"ఇంట్లో పాలు కాచేదెవరు?" అని అడిగాడు డాక్టరు.

"ఇదిగో, ఈవిడే," అన్నాడు రోగి, పడుకున్న చోటి నుంచే భార్య వైపు వేలు చూపిస్తూ.

రోగి అదే ఆసుపత్రి ల్యాబ్‌కు ఇన్‌చార్జి. రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు, నడుంనొప్పి. ఇప్పుడు మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

"స్కాన్ చూసి క్షయ అనుకున్నాం. రక్తపరీక్షలో బ్రూసెల్లా అని తేలింది. వెన్నుపూసల మధ్య చీము పట్టింది. ఇది పశువుల నుంచి వచ్చే క్రిమి. పచ్చిపాలు తాగినా, పశువులతో మసిలినా అంటుకుంటుంది. పీల్చినా చాలు. ఎక్కడ అంటిందో తెలుసుకోండి. మళ్ళీ వస్తే మాత్రం నడక దక్కుతుందని నేను మాట ఇవ్వలేను."

ఆవిడకు ఏడుపొచ్చేసింది. "మాకు పిల్లి కూడా లేదండీ. పాలు మూడు పొంగులు రానిచ్చి గానీ దించను."

"ఫోన్లో మాట్లాడుతూ కాస్తుంది. మూడెక్కడ లెక్కపెట్టిందీ!" అన్నాడు మొగుడు.

"మరి ల్యాబ్‌లో?" అన్నాడు డాక్టరు.

ఇన్‌చార్జికి చురుక్కుమంది. "ముప్పై ఏళ్ల సర్వీసండీ. ఒక్క సీసా పగలగొట్టి ఎరుగను."

"మిషను చెప్పకముందే ఏ క్రిమో ఈయన చెప్పేస్తారు," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. ఏడుస్తున్నా మొగుడి గొప్ప చెప్పకుండా ఉండలేదు.

కొన్ని వారాలు ఇంజెక్షన్లు, మూడు నెలలు రెండు రకాల మాత్రలు రాశాడు డాక్టరు.

ఆవిడ ఇంటికెళ్ళి పాలు మాన్పించేసింది. పాలగిన్నె అటకెక్కింది. చుట్టాలొస్తే నల్లటి టీయే. "మీ వదిన నన్ను పైకి పంపేసేదే," అని ఆయన చెల్లెలితో ఫోన్లో అంటుంటే విని, వంటింట్లో కుళ్ళికుళ్ళి ఏడ్చింది. మాత్రల వేళ మాత్రం ఒక్కరోజూ తప్పనివ్వలేదు.

నాలుగో నెలలో ఆయన నడుం పట్టీ లేకుండా నడిచి డ్యూటీలో చేరాడు. ఆవిడ ల్యాబ్ గుమ్మం దాకా వచ్చి దిగబెట్టింది.

"క్యాంటీన్లో పాలు ముట్టుకోకండి. మీకు దణ్ణం పెడతాను."

"జాగ్రత్తలు నువ్వు నాకు చెబుతున్నావా!" అని ఆయన లోపలికెళ్ళాడు.

టెక్నీషియన్ ఒకామె క్రిములు పెంచే గాజుపళ్ళెం ఒకటి తెచ్చి చేతికిచ్చింది. "మీకోసమే ఆపాం సార్. రోగి రక్తంలోంచి ఏదో పెరిగింది. ఏమిటో మూడు రోజులుగా అంతు చిక్కడం లేదు."

"దీనికి అనుభవం ఉండాలమ్మా," అన్నాడాయన.

ఎప్పటిలాగే మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.