గుమ్మం బయట చెప్పులు

"పర్లేదు మేడమ్, చెప్పులతోనే రండి. స్టూడియో మనదే, నాన్న కట్టించారు," అంది యాంకర్ హారిక.

లాయరు రాజకుమారి వినలేదు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, వట్టి కాళ్లతో వచ్చి కుర్చీలో కూలబడింది. పొద్దుటి నుంచీ చింతపల్లి కోర్టులో నిలబడే ఉంది.

హారిక కెమెరా ఆన్ చేసింది. "మీ మొదటి కేసు ఏంటి మేడమ్?"

"మా అమ్మ సోడి సేను. ఓ షావుకారు రాయించేసుకున్నాడు. పదిహేడేళ్లగా వాయిదాలే."

"గెలుస్తారా?"

"ఏమోనమ్మా. తిరిగి తిరిగి అలిసిపోనాను."

"ఆ చోడి చేను, అదే రాగి చేను, ఎక్కడుంది? వెళ్లి షూట్ చేస్తాం."

రాజకుమారి నున్నటి టైల్స్ మీద పాదం ఆనించి, కాసేపు అలాగే ఉంచింది.

"ఎక్కడికీ ఎల్లక్కర్లేదమ్మా, ఇదే. మా సేలోకి మేం సెప్పులతో దిగం."