శంకరరావు స్టూలు

"దొంగ కూకున్న స్టూలైతే ఏటి? నాలుగు చెంబులు నీల్లోసి కడిగీసి కూకో" అంది అప్పయమ్మ, దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తూ.

"శంకరరావు మావ దొంగ కాదమ్మా. ఆ స్టూలు మీద నేను కూర్చోను" అన్నాడు ఆమె కొడుకు చిరంజీవి.

గోల్ బజార్‌లో పెద్ద బట్టల దుకాణం నడిపే సేఠ్ ముందురోజే కబురు పెట్టాడు. దుకాణం వెనక గోదాములో ఉద్యోగం. వచ్చిన మూటలు దింపించుకోవాలి, విప్పి సరుకు సరిచూడాలి, అరల్లోకి ఎక్కించాలి. ఇన్నేళ్ళూ ఆ పని శంకరరావు చేశాడు. మూటల్లో సరుకు తగ్గుతోందని పోయిన వారం సేఠ్ అతన్ని బజారు నడిమధ్యన నిలబెట్టి, జేబులు తడిమించి, గెంటేశాడు. చిరంజీవికి రైల్వే ఉద్యోగం వయసు ఎనభై తొమ్మిదో సంవత్సరంతోనే దాటిపోయింది. ఇది కూడా వద్దంటే ఇక అడిగేవాడు లేడు.

దొంగతనం మాట వింటే అప్పయమ్మకు ఒళ్ళు మండిపోతుంది. రైల్వే షెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైన భర్త పోయాక, దయాల్‌బంద్ పేటలో ఈ ఒంటిగది ఇంటిని ఆ దబ్బనంతోనే నెట్టుకొచ్చింది. పరుపులు కుట్టించుకునేవాళ్ళూ, పక్క ఊరు బిల్హా నుంచి బియ్యం తెచ్చేవాళ్ళూ, దారిలో చిరిగిన మూటలు పట్టుకొచ్చే బండివాళ్ళూ ఆమె గుమ్మానికే వస్తారు. ముడి పైకి కనబడకుండా గోనె లోపలికి తోసేయడం పుట్టింట్లో ధాన్యం బస్తాల దగ్గర అబ్బిన విద్య.

"నాను మిగిలిన పురికొస ముక్క కూడా తిరిగిచ్చీసే మనిసిని. తిన్నింటి వాసాలు లెక్కెట్టీవోడి మీద నీకు జాలేటిరా?"

"నిన్న వాళ్ళింటికెళ్ళాను. పిల్లల మీద ఒట్టేసి ఏడ్చాడు."

"దొరికిపోయినోడు ఏడవక నవ్వుతాడేటి?"

గుమ్మంలో టీ తాగుతున్న పైడిరాజు తలూపాడు. స్టేషను నుంచి గోల్ బజార్ షాపులకు రిక్షాబండి మీద మూటలు తోలుతాడు. అప్పయమ్మ ఇంట్లో పూటకింత తిని పెరిగినవాడే.

"అత్త సెప్పింది నిజం బాబూ. రోజులు బాగోనేదు, ఎవుణ్ణీ నమ్మీడానికి నేదు" అన్నాడు, కొత్త ఎర్రంచు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ. "నువ్వెల్లి సేరిపో. గోదాంలో మనోడుంటే నాకూ ఆసరా."

"అచ్ఛా, మావ తియ్యలేదనుకో. అప్పుడు ఆయన నోటికాడి కూడు నేను లాక్కున్నట్టే కదా?" అన్నాడు చిరంజీవి.

అప్పయమ్మ దబ్బనాన్ని రేకు డబ్బాలో పడేసి లేచింది.

"పద. ఆ సేటునే అడుగుదాం. నీ కల్లతో సూసి మరీ సేరు."

వీధి మలుపులో శంకరరావు ఇల్లు. తలుపు మీద ఎవరో బొగ్గుతో 'చోర్' అని రాసిపోయారు. అతను తడిగుడ్డతో దాన్ని రుద్దుతున్నాడు. ఎంత రుద్దినా పోవడం లేదు. వీళ్ళను చూసి గుడ్డ కిందికి దించాడు.

"అక్కా, ఊరు అన్నాదంటే సరే. నువ్వైనా నమ్ము."

"నమ్మీసే కదా ఆ సేటు మునిగిపోనాడు" అంది అప్పయమ్మ, వీధిలో అందరికీ వినబడేట్టు. "ఉప్పు తిన్నోడికి సిగ్గుండాల."

శంకరరావు మళ్ళీ తలుపు వైపు తిరిగాడు. చిరంజీవి తల ఎత్తకుండా నడిచాడు. అప్పయమ్మకు మాత్రం కోపం ఇంకా తీరలేదు. గోల్ బజార్ చేరేదాకా తిడుతూనే ఉంది.

సేఠ్ వాళ్ళను గోదాములోకి తీసుకెళ్ళాడు. తలుపు పక్కన స్టూలు ఖాళీగా ఉంది.

"నేను ఉత్తినే నింద వేసే మనిషిని కాదమ్మా. సాక్ష్యం దాచిపెట్టాను" అన్నాడు హిందీలో. మూలనున్న మూటను ముందుకు లాగించాడు. "శంకరరావు విప్పిన ఆఖరి మూట ఇది. పై పక్క ఒక్కటే కోశాడు. లోపల ఎర్రంచు తువ్వాళ్ళు సగానికి సగం లేవు. మిగతా పక్కల కుట్టు చూడండి. ఎక్కడైనా తెగిందా?"

చిరంజీవి చూశాడు. ఎక్కడా తెగలేదు.

"దారిలో ఎవడైనా విప్పితే కుట్టు చెడాలి కదా? చెడలేదు. ఇక్కడ మూట విప్పేవాడు శంకరరావు ఒక్కడే. మరి ఎవరు తీసినట్టు?"

పిల్లల మీద ఒట్టేసిన మనిషి మొహం గుర్తొచ్చి చిరంజీవికీ ఇప్పుడు ఒళ్ళు మండింది.

"ఇప్పుడేటంటావు?" అంది అప్పయమ్మ.

"నాతోనే అబద్ధమాడాడమ్మా" అన్నాడు. స్టూలు దగ్గరకు వెళ్ళి, భుజం మీది తుండుతో తుడిచి, కూర్చున్నాడు.

అప్పయమ్మ గుండె నిమ్మళించింది. కోపం దిగాక కుట్టుపని మీదికి చూపు పోయింది. పని తెలిసిన మనిషి కదా, మూట ముందు గొంతుక్కూర్చుంది.

"ఏ మిల్లోడు కుట్టినాడో గానీ పనిమంతుడే" అంటూ కుట్టు వెంట వేలు పోనిచ్చింది.

కింద పక్కన ముడి పైకే ఉంది. ఎడమ పక్కనా పైకే ఉంది. కుడి పక్క మూలకొచ్చేసరికి వేలికి ముడి తగల్లేదు. గోనె మడత కిందికి వేలు దూర్చి వెతికింది. ముడి లోపల ఉంది.

ఆ కుట్టు తనదే.