పరీక్ష చేయించుకునే దాకా

"ఈ గౌను నడుము దగ్గర బాగా బిగించాలి," అంది వచ్చినామె.

టైలరమ్మ టేపు చుట్టి చూసింది. మనిషి గౌనులో సగమే ఉంది.

"ఇంతలా చిక్కిపోయారేంటండీ?"

"గర్భసంచి మూతి దగ్గర కాన్సర్. ఆలస్యంగా తెలిసింది. నువ్వెప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా, చెల్లీ?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

"నేనూ అలాగే ఉన్నాను. అది కాపురంలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ వల్ల వస్తుంది. ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యదు. వీధి చివర ఆస్పత్రిలో చూస్తున్నారు. చిన్న బ్రష్ ఇస్తారు, తెర చాటున నీ అంతట నువ్వే శాంపిల్ తీసి ఇవ్వొచ్చు."

"గౌను రేపు తీసుకెళ్ళండి," అంది టైలరమ్మ ముక్తసరిగా.

మర్నాడు గౌను తీసుకుంటూ మళ్ళీ అదే మాట. ఆ మర్నాడు పనేం లేకపోయినా వచ్చింది.

షాపునిండా గిరాకీలు. టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది.

"మీకు దణ్ణం పెడతాను. బయటికి నడవండి!"

"గెంటించుకోవడం నాకు కొత్త కాదులే." ఆమె వెళ్ళి మెట్టు మీద చతికిలబడింది. "పరీక్ష చేయించుకునే దాకా వస్తూనే ఉంటాను."

"అసలు నాకు చెప్పడానికి మీరెవరండీ?"

"ఎవరైతేనేం? చెప్పింది తప్పైతే చూపించు, లేచిపోతాను."

ఆ పూట భోజనాల దగ్గర టైలరమ్మ భర్తకు అంతా చెప్పింది. బక్కపల్చటి మనిషి, ఎడమ కనుబొమ మీద పుట్టుమచ్చ అనగానే అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పిచ్చిదై ఉంటుంది. లోపలికి రానివ్వకు. ఆ పరీక్షలూ గిరీక్షలూ మనకొద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు! నలుగురూ ఏమనుకుంటారు?"

అంతవరకూ ఆమెకూ వెళ్ళాలని లేదు. ఆ మాటతో పంతం పుట్టుకొచ్చింది.

"ఒళ్ళు నాది. నలుగురిదీ కాదు," అంది.

పొద్దున్నే షాపు మూసి ఆస్పత్రికి వెళ్ళింది.

వైరస్ ఉందని ఫలితం వచ్చింది. "అయితే నాకూ కాన్సరేనా?" అని అడిగింది.

"వైరస్ ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదమ్మా," అంది డాక్టరమ్మ. "చాలామందికి దానంతటదే పోతుంది. కణాలు దారి తప్పుతుంటే మాత్రం వాటిలో కొన్ని గుర్తులు కనిపిస్తాయి. అవి ఉన్నాయేమో ఇంకో పరీక్షలో చూద్దాం."

ఉన్నాయి.

"ఇంకా కాన్సర్ కాలేదు. కానివ్వం కూడా," అంది డాక్టరమ్మ.

చెడుతున్న భాగం వరకే తీసేశారు. టైలరమ్మ తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

ఆ మెట్టు మీద మనిషి మాత్రం మళ్ళీ కనబడలేదు. గౌను కోసం ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన ఇల్లెక్కడో చెప్పాడు.

తలుపు తీసింది ఆయనే.

"మా చెల్లెలు పోయిందమ్మా. ఆఖరి దాకా నీ గురించే అడిగింది, పరీక్షకు వెళ్ళిందా అని."

"వెళ్ళాను, అన్నయ్యా. బతికిపోయాను." అంది టైలరమ్మ. "ముక్కూమొహం తెలియని నాకోసం ఎందుకంత తంటాలు పడిందో..."

"నేనూ వద్దనే అన్నాను. 'వాళ్ళు నన్ను గెంటేశారని ఆ పిల్లని చావనిస్తానా?' అని నామీదకే లేచింది."

"ఎవరు గెంటేశారు?"

పెద్దాయన ఆమె వంక జాలిగా చూశాడు.

"నీకు చెప్పనే లేదన్నమాట... నీకంటే ముందు మీ ఆయన పెళ్ళాడింది మా చెల్లెల్నే, తల్లీ."