తిట్టని తల్లి

లండన్ ఆసుపత్రి ఉద్యోగం ఫారం మీద సంతకం పెట్టబోతున్న డాక్టర్ షమిసో చేతిలోంచి పెన్ను లాగేసుకున్నాను.

“మన హరారేలో చదువుకుని తెల్లవాళ్ల దగ్గులు చూస్తావా? జీతం కోసమేగా తల్లీ?”

“జీతమైతే ఎలాగో సర్దుకునేదాన్ని సిస్టర్.”

అంతలో ఒకామె లోపలికొచ్చింది. వార్డులో ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరూ పొద్దున పక్క మంచం పిల్లాడికి పెట్టాం. ఈమె కూతురు పోయింది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు దోసిలిలా చేసి, మా ఆనవాయితీ ప్రకారం మెల్లగా చప్పట్లు కొట్టి డాక్టరుకు కృతజ్ఞత చెప్పింది.

“మీరు మాత్రం ఏం చేస్తారు డాక్టరమ్మా, చేతనైనంతా చేశారు,” అని వెళ్ళిపోయింది.

షమిసో తలుపు వైపే చూస్తోంది.

“ఈ నెలలో ఈమె ఐదో తల్లి సిస్టర్. ఒక్కరూ తిట్టరు. కనీసం ఒక్కరు తిట్టినా ఉండిపోయేదాన్ని.”

పెన్ను తిరిగి ఆమె ముందు పెట్టాను.