నలభై వేలిముద్రలు

"ముద్ర వెయ్యనయ్యా," అంటూ రెబెక్కమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

ఆనందబాబు చేతిలోని సిరాపెట్టె అలాగే ఉండిపోయింది. నెల్లూరు ఆఫీసు నుంచి తోటపల్లి గూడూరు దాకా బస్సులో, అక్కడి నుంచి సముద్రపు గాలికి ఎదురు తొక్కుతూ అద్దె సైకిలు మీద వచ్చాడతను. ఆరు నెలల్లో డబ్బు రెట్టింపు చేస్తామని పల్లెలు తిరిగే దొంగ కంపెనీల గురించి చర్చి వసారాలో గంటసేపు గొంతు పోయేలా చెప్పాడు. ఆడవాళ్ళు కన్నార్పకుండా విన్నారు. ఇక మీటింగు జరిగినట్టు రుజువుగా నలభై వేలిముద్రలు కావాలి. అవి లేకుండా వస్తే ఎక్కడో కొండల మూల ఉన్న ఉదయగిరికి బదిలీ తప్పదని పై ఆఫీసరు పొద్దున్నే చెప్పి పంపాడు.

"ఎందుకు వెయ్యవమ్మా?"

"కొత్త మనిషి కాయితం చాపితే ముద్ర వెయ్యొద్దని ఇందాక తమరే గదా చెప్పినారు."

"అది దొంగల సంగతి. నేను గవర్నమెంటు మనిషిని. ఇదిగో సీలు!"

"సీలు చూపిస్తాడు, నమ్మొద్దన్నారు," అని వెనక నుంచి నవోమి అందించింది. ఆ గుంపులో చదువొచ్చింది ఆమె ఒక్కతికే.

"పక్క ఊళ్ళో అందరూ వేశారమ్మా!"

"అట్ల కూడా అంటాడని చెప్పినారు సార్," అంది నవోమి.

"నాకు బస్సుకు టైమవుతోంది తల్లీ!"

వసారా అంతా గొల్లుమంది. తొందర పెడతాడన్నది అతను చెప్పిన మూడో గుర్తు.

నిన్నటి కోత పండగలో మందిరానికి కానుకగా వచ్చి, వేలంలో ఎవరూ పాడుకోక మిగిలిపోయిన గుమ్మడికాయ ఒకటి వసారా మూల పడి ఉంది. ఆనందబాబు దాని పక్కనే కూలబడ్డాడు. తన మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు సర్వీసు మొత్తంలో లేరు. అందుకు సంతోషించాలో, ఉదయగిరి తలుచుకుని ఏడవాలో తెలియలేదు.

అతని వాలకం చూసి రెబెక్కమ్మ మెత్తబడింది. పక్కనే ఉన్న తన ఇంట్లోకి పోయి, ఉప్పూ నిమ్మాకూ వేసిన మజ్జిగ చెంబుతో తెచ్చింది. అతను గటగటా తాగుతుంటే ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు.

"సరేనయ్యా. మీ కాయితం మీద మేం ముద్రలేస్తాం. మా పుస్తకంలో మీరొక సంతకం పెట్టండి. మీరొచ్చినట్టు మాకూ గుర్తుండాల గదా?"

ఆనందబాబుకు ప్రాణం లేచొచ్చింది. నవోమి వేలు పెట్టి చూపిన చోట గబగబా సంతకం గీకేశాడు. అతని కాయితాన్ని మాత్రం నవోమి పైనుంచి కిందికి రెండుసార్లు చదివి అందరికీ వినిపించింది. ఆ తర్వాతే నలభై బొటనవేళ్ళు ఒకదాని వెనక ఒకటి సిరాలో మునిగాయి.

కాయితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేసరికి, సైకిలు వెనక రెబెక్కమ్మ ఆ గుమ్మడికాయను కొబ్బరితాడుతో బిగించి కడుతోంది.

"అయ్యో, వద్దమ్మా! నేను లంచం తీసుకోను."

"లంచమేందయ్యా! అయిదు రూపాయలకు మీరే గదా పాడుకున్నారు? వేలం పుస్తకంలో సంతకం కూడా పెట్టినారు. డబ్బుకేం తొందర లేదు, మందిరం పెంకులు వానల ముందర మార్చుకుంటాం."

ఆనందబాబు జేబులో అయిదు రూపాయల కోసం వెతికాడు.

రెబెక్కమ్మ ముడి గట్టిగా లాగి చెప్పింది: "ఇంకో ఊళ్ళో చెప్పేటప్పుడు, ముందుగా మజ్జిగ ఇస్తారని కూడా కలపండి సార్."