ఇద్దరు ఆర్విల్‌లు

జింకల వేట మొదలయ్యే ముందు, ఏటా వచ్చినట్టే ఆర్విల్ బాబాయ్ మా తుపాకుల కొట్టుకు వచ్చాడు. ఫారం నింపించి, తుపాకీ కొనేవాళ్ళ నేరచరిత్ర చూసే ప్రభుత్వ ఆఫీసుకు ఫోన్ చేసి వివరాలు చదివాను. వాళ్ళ కంప్యూటర్ జవాబు మారలేదు. ఈ మనిషికి నేరచరిత్ర ఉంది, అమ్మకూడదు.

ఆ కేసు ఆయనది కాదు, కొడుకుది. కెంటకీలో మా కొండల వాళ్ళందరిలాగే ఆయనా పెద్దకొడుక్కి తన పేరే పెట్టుకున్నాడు. బార్ బయట ఒకణ్ణి చావగొట్టాడని చిన్న ఆర్విల్ జైలుకు వెళ్ళాడు. రికార్డు మాత్రం తండ్రికి అతుక్కుంది.

"వేలిముద్రలు పంపితే తప్పు దిద్దుతారని ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నా. పంపవు. నాకీ ఫోన్లు తప్పవు. అసలెందుకొస్తావు బాబాయ్?"

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆరోజు కొట్టింది నేనే, లోర్నా. ఆర్విల్ ఎవరని పోలీసులు అడిగితే మావాడు ముందుకెళ్ళాడు. నేను నోరెత్తలేదు."

టోపీ మళ్ళీ తలకు పెట్టుకున్నాడు.

"చేసింది నువ్వేనని నాతో చెప్పేది ఆ కంప్యూటరొక్కటే. ఏడాదికోసారైనా వినాలి కదమ్మా."